రాత్రి గడ్డకట్టిందా?

ఏప్రిల్ రాగానే హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఏ తేదీల్లో వస్తే మంచు బాగుంటుంది?" మనాలిలో ఉండి మార్చి నుంచి జూన్ ఆఖరు దాకా కొండల మీదికి జనాన్ని తీసుకెళ్లడం నా పని. మార్చి, ఏప్రిల్ నెలల్లో స్కీలు వేసుకునేవాళ్లు వస్తారు. మే, జూన్‌లో నడిచేవాళ్లు వస్తారు. ఎవరడిగినా తేదీ మాత్రం చెప్పను. ఫలానా వారం హంప్టా పాస్ అనే కనుమ మీద మంచు ఉంటుందని చెప్పగలను. ఆ మంచు మనిషిని మోస్తుందా లేదా అన్నది మీరు దాటబోయే రోజుకి ముందు రాత్రి తేలుస్తుంది. అంతకన్నా ముందే హామీ ఇచ్చేవాళ్లు ఉంటే వాళ్ల మాట నమ్మొద్దు.

జనవరిలో పడే మంచుకీ మేలో మిగిలిన మంచుకీ పోలికే లేదు. జనవరి మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుంది. కొత్తగా పడినప్పుడు ఘనమీటరు వంద కిలోలు కూడా తూగకపోవచ్చు. నెలల తరబడి ఎండకి కరిగి, చలికి బిగిసి, తన బరువుకి తానే అణిగి మే నాటికి అదే ఘనమీటరు నాలుగైదు వందల కిలోలకు చేరుతుంది. రేకులన్నీ అరిగిపోయి రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రటి గింజలు మిగులుతాయి. ఇంకో మార్పు పైకి కనిపించదు. పైపొర నుంచి నేల దాకా ఉన్న మంచంతా సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేస్తుంది. ఇక దాని మీద పడిన ఏ కాస్త వేడైనా కరిగించడానికే పోతుంది. పగలు గింజల మధ్య నీరు చేరి పట్టు సడలుతుంది. రాత్రి ఆ నీరే గడ్డకట్టి గింజల్ని పటికబెల్లం ముక్కలా అతికేస్తుంది. అందుకే పొద్దున ఐదింటికి బూటు అచ్చు కూడా పడని వాలులో మధ్యాహ్నం రెండింటికి నడుం దాకా దిగబడతాం.

మాది ఖమ్మం వైపు. మంచు అంటే చిన్నప్పుడు పుస్తకాల్లో బొమ్మే. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని రాయి ఎక్కడం నేర్చుకున్నాను. 2014 మే 25న మన తెలుగు పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కిన వార్త వచ్చినప్పుడు ఆ గుట్ట దగ్గర మా అందరికీ ఒళ్లు పులకరించింది. వాళ్ల శిక్షణ మొదలైంది ఆ రాళ్ల మీదే కదా. తర్వాత మనాలి పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు, అడ్వాన్స్ కోర్సు చేసి ఇక్కడే ఉండిపోయాను. కోర్సులో నడక, తాడు, ఐస్ యాక్స్ వాడకం నేర్పారు. మంచుని చదవడం మాత్రం ఇక్కడి స్థానిక గైడ్ల వెనక నడుస్తూ, వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ అడుగు మారుస్తున్నారో చూస్తూ నేర్చుకున్నాను. "పక్కా హై" అంటే నడవొచ్చు, "కచ్చా హై" అంటే ఆగు. పదేళ్ల పిల్లవాడి దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ల ముసలాయన దాకా ఇక్కడ ఈ రెండు మాటలే వాడతారు. ఏది పక్కా, ఏది కచ్చా అని పోల్చుకోవడంలోనే ఉంది పనంతా.

రాత్రి ఎంత చలేసిందన్నదాని కన్నా ఆకాశం ఎలా ఉందన్నది ముఖ్యం. కొత్తవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు. మంచు తనలోని వేడిని కంటికి కనిపించని కిరణాలుగా పైకి వదులుతూనే ఉంటుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే ఆ వేడి తిరిగి రాదు. చేతిలో థర్మామీటర్ రెండు డిగ్రీలు చూపిస్తున్నా మంచు పైపొర సున్నా కిందికి దిగి బిగుసుకుపోతుంది. మబ్బు కమ్మితే పోయిన వేడి మబ్బుకి తగిలి మళ్లీ మంచు మీదికే వస్తుంది. అప్పుడు సున్నాకి దగ్గరగా చలి ఉన్నా పైపొర తడితడిగానే తెల్లవారుతుంది. తేమ గాలి వీస్తే ఇంకా నష్టం. గాలిలోని ఆవిరి మంచు మీద నీరుగా మారేటప్పుడు వేడి వదులుతుంది. ఒక గ్రాము ఆవిరి అలా మారితే ఏడు గ్రాములకు పైగా మంచుని కరిగించేంత వేడి పుడుతుంది. కనుక డేరాలో వెచ్చగా, హాయిగా నిద్ర పట్టిన రాత్రి మర్నాటికి చెడ్డ రాత్రి. పొద్దున టీ దగ్గర ఎవరైనా "రాత్రి అసలు చలే లేదు సార్" అన్నారంటే ఆ రోజు కార్యక్రమం మారబోతోందని నాకు అర్థమైపోతుంది.

బయల్దేరే ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకుంటాను. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందనుకుంటే, మనాలిలో తెల్లవారుజామున పది డిగ్రీలు ఉన్నప్పుడు 4,000 మీటర్ల దగ్గర మైనస్ రెండు, మూడు ఉండాలి. హంప్టా పాస్ 4,270 మీటర్ల దగ్గర, భృగు సరస్సు దాదాపు అదే ఎత్తులో ఉన్నాయి. జూన్ గడిచేకొద్దీ ఈ లెక్క మనకి ప్రతికూలంగా మారుతుంది. జూన్ మూడో వారానికి ఆ ఎత్తుల్లో చాలా రాత్రులు గాలి సున్నా కిందికి దిగదు. నిర్మలమైన ఆకాశం ఒక్కటే దిక్కు. చలికాలమంతా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ వాళ్ల మంచు చరియల హెచ్చరికలు చూస్తాం, వాతావరణ శాఖ సూచనలు రోజూ చదువుతాం. వాటిని పక్కన పెట్టమని ఎవరికీ చెప్పను. కానీ అవి జిల్లాకి సంబంధించినవి. నేను దాటాల్సిన నాలాకి, అంటే కొండ వాగుకి, సంబంధించిన సంగతి అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

హంప్టా దారిలో కనుమ దాటే ముందు రాత్రి మకాం బాలూ కా ఘేరాలో. జూన్ నాటికి అక్కడ డేరాలు వేసేచోట ఇసుక, గడ్డి బయటపడతాయి. చుట్టూ వాలుల మీద మంచు అలాగే ఉంటుంది. మూడింటికి లేచి డేరా జిప్ తీస్తాను. మొదట చూసేది చుక్కల్ని. ఎన్నింటి నుంచి మబ్బు లేదన్నది కావాలి కాబట్టి రాత్రి పదకొండుకి ఒకసారి, ఒంటిగంటకి ఒకసారి లేచి చూసి ఉంటాను. తర్వాత దగ్గర్లోని మంచు దగ్గరికి వెళ్తాను. చదునుగా ఉన్నచోట చూస్తే మోసపోతాం. కాస్త వాలుగా, మేం ఎక్కబోయే వైపుకే ముఖం పెట్టి ఉన్నచోట చూడాలి. టార్చి వెలుగు అడ్డంగా వేస్తే బిగిసిన మంచు గరుగ్గా మెరుస్తుంది. బిగియని మంచు నిగనిగలాడుతుంది, దాని మీద నీటి పొర ఉంటుంది కనుక.

మడమతో గట్టిగా పొడుస్తాను. ఖణేల్‌మని, గీత మాత్రం పడితే సగం పని అయినట్టే. మిగతా సగం ఎంత లోతు దాకా బిగిసిందో చూడటం. ఐస్ యాక్స్ వెడల్పు వైపుతో జానెడు లోతు చిన్న గాడి తవ్వి, పక్క గోడని చేతి తొడుగు తీసి వేలితో తడుముతాను. పైనుంచి కిందికి వేలు గట్టిగా జారుతూ వచ్చి ఒకచోట గింజలు రాలడం మొదలవుతుంది. ఆ గీత దగ్గర బిగువు ఆగిపోయినట్టు. గట్టి పొర రెండు మూడు సెంటీమీటర్లే ఉంటే అది కంటికి నచ్చుతుంది గానీ మనిషిని మోయదు. మొదటి ఇద్దరూ దాటాక మూడోవాడి కింద విరుగుతుంది. పది సెంటీమీటర్లు ఉంటే ఎండ తగిలిన తర్వాత కూడా రెండు మూడు గంటలు నిలుస్తుంది. కింద రాలిన గింజల్ని గుప్పిట్లోకి తీసుకుని పిండుతాను. ముద్ద అయితే పర్వాలేదు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే లోపలంతా నాని ఉందని లెక్క. పైన ఎంత గట్టి పొర ఉన్నా ఆ రోజు తొందరగా దాటి తొందరగా దిగిపోవాలి.

ఇదంతా పావుగంట పని. దీని తర్వాతే వంటాయనకి చెబుతాను, నీళ్లు ఎన్నింటికి పెట్టాలో. ఆయన నా ముఖం చూసే కనిపెట్టేస్తాడు. "కిత్‌నే బజే?" అని ఒక్క మాట అడుగుతాడు. మూడున్నరా, నాలుగున్నరా, లేక ఈ రోజు లేదా. మంచిరాత్రి అయితే నాలుగింటికి కదిలి ఎనిమిదిన్నర కల్లా కనుమ మీద ఉండాలని చూస్తాను. ఆ కాలంలో ఐదుంపావు, ఐదున్నరకి సూర్యోదయం. కానీ కొండ నీడ వల్ల ఒక్కో వాలుకి ఎండ ఒక్కో వేళకి తగులుతుంది. తూర్పు ముఖం వాలు మొదట మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఉత్తరం వైపు అన్నిటికన్నా ఆలస్యం. కనుక నేను పక్కాగా చూసుకునేది గడియారంలో గంటని కాదు, ఏ వాలుకి ఎండ తగిలి ఎంతసేపయిందీ అన్నదాన్ని. దారిలోని చివరి చెడ్డ వాలు దగ్గర్నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే బయల్దేరాల్సిన వేళ దానంతటదే తేలుతుంది.

మంచు రంగు కూడా చాలా చెబుతుంది. కొత్త మంచు తన మీద పడిన వెలుగులో ఎనభై, తొంభై శాతం తిప్పి కొడుతుంది. మే నెలలో పడమటి నుంచి వచ్చే ఎడారి దుమ్ము ఈ కొండల మీద వాలి మంచుని గోధుమ రంగుకి తెస్తుంది. మురికిబట్టిన పాత మంచు సగం వెలుగునే తిప్పికొడుతుంది. మిగిలిన సగం లోపలికి పోయి కరిగిస్తుంది. ఒకే వాలులో తెల్లని చోటు, గోధుమ రంగు చోటు పక్కపక్కనే ఉంటే నేను తెల్లని దాని మీద నుంచే దారి తీస్తాను. ఈ కరుగుదల ఎంత వేగమో డేరాలు వేసి చూస్తే తెలుస్తుంది. భృగు దారిలో రోలా ఖోలీలో మంచు మీదే డేరా వేసి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే, నీడ పడిన ఆ భాగం కరగక, చుట్టూ ఉన్నదంతా దిగిపోయి, డేరా అరుగు మీద ఎక్కి కూర్చుంటుంది.

అన్నిటికన్నా నేను భయపడేది మంచు వంతెనలకి. మంచు చరియ కన్నా కూడా. చరియకి ముందు సూచనలుంటాయి, వంతెన చప్పుడు లేకుండా కూలుతుంది. చలికాలమంతా నాలా మీద మంచు కప్పేసి ఉంటుంది. వేసవిలో కింద నీరు పెరిగి, ఆ నీటితో పాటు వచ్చే గాలి కప్పుని కిందినుంచి తినేస్తుంది. పైన మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. నిన్న దాటినవాళ్ల అడుగులు కూడా చక్కగా కనిపిస్తాయి. ఆ అడుగులే మనుషుల్ని రప్పిస్తాయి.

వంతెన దగ్గరికి రాగానే అందర్నీ పది అడుగుల వెనక నిలబెట్టేస్తాను. నేను పక్కకి వెళ్లి, ఎగువనో దిగువనో మంచు తెగి కన్నం పడినచోటు నుంచి వంగి కప్పు మందం చూస్తాను. మనిషి ఎత్తు మందం ఉంటే ఒక లెక్క, మూరెడు ఉంటే ఇంకో లెక్క. నడిమి భాగం కొద్దిగా కుంగిందా, రంగు బూడిద రంగుకి తిరిగిందా, అడ్డంగా పగులు గీత ఉందా. తర్వాత చెవి. కర్ర మొన దించితే గట్టిచోట మొద్దు చప్పుడు, బోలుచోట డొల్ల చప్పుడు వస్తుంది. కింద నీటి హోరు ఒక్కసారిగా దగ్గరగా వినిపించిందంటే కప్పు పలచబడిందని. ఇవన్నీ చూశాక, దాటొచ్చనుకుంటే, ఒక్కొక్కరుగా పంపిస్తాను. దాటే ముందు ప్రతి ఒక్కరి బ్యాగు నడుం పట్టీ, ఛాతీ పట్టీ నేనే విప్పుతాను. నీళ్లలో పడితే బ్యాగు క్షణంలో వదిలించుకోగలగాలి. నాలాలో పడ్డ మనిషిని నీరు మంచు కప్పు కిందికి లాక్కుపోతుంది. అక్కడి నుంచి తీయడం ఎంత పెద్ద బృందానికైనా కష్టం. అనుమానం వస్తే వంతెన వదిలేసి, మోకాలి లోతు నీళ్లలో దిగి దాటిస్తాను. కాళ్లు కొయ్యబారతాయి, జనం విసుక్కుంటారు, కానీ నీటి లోతు కంటికి కనిపిస్తుంది. అదీ పొద్దున్నే. మంచు కరిగి వచ్చే నీరు కాబట్టి తెల్లవారుజామున నాలా సన్నగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఉరకలేస్తుంది. కనుమ అవతలి మకాం షియా గోరూ దగ్గర పొద్దున నవ్వుతూ దాటిన నీటిని సాయంత్రం చూపిస్తే ఎవరూ కాలు పెట్టరు.

రాళ్ల పక్కన కూడా జాగ్రత్త. మంచులోంచి పైకి తేలిన బండ ఎండకి కాలి చుట్టూ ఉన్న మంచుని లోపల్నుంచి కరిగిస్తుంది. పైన పలచటి పెంకు, కింద ఖాళీ. అలసిన మనిషికి బండ కనపడగానే దాని మీద కూర్చుందామనిపించి నేరుగా అటే వెళ్తాడు. తొడ దాకా కాలు దిగబడి, పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే చీలమండ విరుగుతుంది. బండ కనిపిస్తే నాలుగడుగుల దూరంలో ఆగి, కర్రతో పొడుచుకుంటూ వెళ్లమంటాను.

నడిచేవాళ్ల కన్నా స్కీ చేసేవాళ్లకి ఈ మంచు ఇంకా బాగా తెలియాలి. కొండ దిగేటప్పుడు వాళ్లకి కావలసింది పూర్తిగా గట్టి మంచూ కాదు, మెత్తటి మంచూ కాదు. కింద గట్టి పొర చెక్కు చెదరకుండా ఉండి, పైన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం విడివడి ఉండాలి. ఆ స్థితి ఒక వాలు మీద గంటో గంటన్నరో నిలుస్తుంది, అంతే. అంతకు ముందు దిగితే స్కీ అంచు పట్టదు, జారితే ఆగేది లేదు. తర్వాత దిగితే స్కీ కూరుకుపోయి మోకాలు మెలిపడుతుంది, వాలే కదిలిపోవచ్చు. ఏప్రిల్‌లో సేథన్ పైన హంప్టా లోయలో, అటల్ సొరంగం వచ్చాక లాహౌల్ వైపు సిస్సూ, కోక్సర్ పైన మా పని ఎక్కువగా సాగుతుంది. 2020 అక్టోబర్‌లో ఆ 9.02 కిలోమీటర్ల సొరంగం తెరవక ముందు వసంతంలో లాహౌల్ చేరడమే గగనం. ఇప్పుడు పొద్దున మూడింటికి మనాలిలో బయల్దేరి తెల్లారకముందే అవతల వాలు కింద స్కీలకు స్కిన్లు, అంటే ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టే పట్టీలు, అంటిస్తున్నాం. ఒకందుకు మంచిదే. కానీ లోయలు మారాయి. ఇటు మబ్బుగా ఉంటే అటు నిర్మలంగా ఉండొచ్చు, ఇటు బిగిస్తే అటు బిగియకపోవచ్చు. మనాలి గదిలో కిటికీలోంచి చూసిన ఆకాశం సిస్సూకి పనికిరాదు.

ఎక్కేటప్పుడే దిగే మంచుని చూసుకుంటాం. స్కిన్ల మీద మెల్లగా ఎక్కుతూ ప్రతి మలుపులో కర్ర మొన దించి చూస్తాను. పైకి చేరాక తొందరపడి దిగకుండా కూర్చుని ఎదురుచూడటమే నా పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం. తొమ్మిది అవుతుంది. కర్ర మొన గీసుకుంటూ పక్కకి జారుతుంది. తొమ్మిదీ పది. ఇంకా గీస్తోంది. తొమ్మిదీ ఇరవై. మొన చుట్టూ గింజలు విడి, వేలి మందం దిగి, గట్టిదానికి తగిలి ఆగుతుంది. అప్పుడు లేస్తాం. ఆ దిగుడులో స్కీ కింద వచ్చే సన్నటి సవ్వడి, ఒక్కో మలుపులో అంచు నమ్మకంగా పట్టడం, దానికోసమే జనం ఇంత దూరం వస్తారు. కింద చేరాక స్కీలు విప్పి బూటుతో నిలబడి చూడమంటాను. చీలమండ దాకా దిగితే ఆ వాలుకి ఆ రోజుకి నమస్కారం. "ఇంకొక్కసారి అన్నా, ప్లీజ్" అని ఎంత అడిగినా రెండోసారి ఎక్కించను. మోకాలి దాకా దిగబడే వేళకి మేం ఆ లోయలోనే ఉండకూడదు.

మంచు చరియలు ఎక్కువగా ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలు మీద కదులుతాయి. స్కీ చేయడానికి బాగుండే వాలు కూడా సరిగ్గా అదే. వసంతంలో అవి చెప్పి వస్తాయి, వినేవాళ్లు ఉండాలి. రాతి గోడల కింద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే చుట్టుకుంటూ దొర్లడం మొదటి మాట. అవి నిమ్మకాయంత ఉన్నప్పుడు గమనిస్తాను, కొబ్బరికాయంత అయ్యేసరికి జనాన్ని దించేస్తాను. ఆ తర్వాత ఒక చుక్క దగ్గర మొదలై కిందికి వెడల్పవుతూ తడి మంచు జారుతుంది. చూడ్డానికి నిదానంగానే వస్తుంది. కానీ తడి మంచు బరువు ఎక్కువ, ఆగిన మరుక్షణం బిగుసుకుపోతుంది. చేతులతో తవ్వలేం. అందుకే ప్రతి స్కీ మనిషి ఒంటి మీద బీకన్ (సంకేతాలు పంపే పరికరం), బ్యాగులో ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), పార ఉండాలంటాను. కప్పబడిపోయిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలు దాటితే బతికే అవకాశం చాలా వేగంగా పడిపోతుంది. సాయం మనాలి నుంచి రావాలంటే ఆ లోపు రాదు. పక్కనున్నవాడే తవ్వాలి.

చలి గడిచింది కదా, జూన్ కదా అనుకునేవాళ్లకి ఒక్క సంగతి గుర్తుచేయాలి. పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు మే, జూన్‌లో కూడా నాలుగు వేల మీటర్ల పైన మంచు కురిపిస్తాయి. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వచ్చిన ట్రెక్కర్ల బృందం మంచు తుపానులో చిక్కుకుంది. 9 మంది ప్రాణాలు పోయాయి. మనలాగే నగరాల నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు. ఆ వార్త వచ్చిన రోజుల్లో మనాలిలో మా వాళ్లెవరూ సరిగా అన్నం తినలేదు. జూన్‌లో పడే కొత్త మంచు ఇంకో విధంగా కూడా ప్రమాదం. గట్టిపడిన పాత మంచు మీద అది అతుక్కోకుండా కూర్చుంటుంది. తుపాను వెలిసి నీలాకాశం వచ్చిన మొదటి పొద్దున అందరికీ బయల్దేరాలనిపిస్తుంది. ఎండ తగలగానే జారేది కూడా అప్పుడే. నేను ఆ రోజు కదలను.

నడిచేవాళ్లతో నాకు వచ్చే పెద్ద పేచీ కనుమ అవతలి దిగుడు దగ్గర. హంప్టా దాటాక లాహౌల్ వైపు నిటారైన మంచు వాలు ఉంటుంది. వీడియోల్లో అందరూ దాని మీద కూర్చుని జారుతూ కేకలు పెడుతుంటారు. మధ్యాహ్నం మెత్తబడిన మంచు మీద, కింద చదునుగా సాగే చోట, గైడు చూపించిన గాడిలో జారితే పెద్ద ప్రమాదం లేదు. అదే వాలు పొద్దున ఏడింటికి గాజు. జారడం మొదలైన మొదటి క్షణంలో ఐస్ యాక్స్ దిగకపోతే తర్వాత దిగదు. జారితే ఆగేదెక్కడ? మంచులోనా, రాళ్లలోనా, నాలాలోనా? ఏ వాలు దగ్గరైనా నేను మొదట చూసేది కింద ఏముందని. కింద రాళ్లుంటే వాలు చిన్నదైనా క్రాంపాన్లు (బూట్లకు బిగించే ఇనుప కోరలు), తాడు. మార్కెట్లో అద్దెకిచ్చే మైక్రోస్పైక్స్ చదును మంచు మీద బాగా పనిచేస్తాయి. నిటారు గట్టి వాలు మీద వాటిని నమ్ముకోవద్దని అద్దెకిచ్చేవాళ్లు చెప్పరు, కనుక నేను చెబుతున్నాను.

పోయిన సీజన్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని, చాలా శ్రద్ధగా నడిచే మనిషి, కనుమ కింద వెనక్కి తిరుగుదాం అన్నప్పుడు నన్ను నిలదీసింది. "అన్నా, ముందు వెళ్లిన బృందం దాటింది కదా. అదిగో వాళ్ల అడుగులు. మనకేంటి?" సరైన ప్రశ్నే. ఆమెని ఆ అడుగుల దగ్గరికి తీసుకెళ్లాను. వాళ్లు ఆరింటికి వెళ్లారు. అచ్చులు అంచులు పదునుగా, లోతు లేకుండా ఉన్నాయి. పక్కనే నేను ఒక అడుగు వేశాను. పది దాటింది అప్పటికి. మోకాలి పైకి దిగబడ్డాను. అచ్చు అడుగున నీళ్లు ఊరాయి. తొక్కి తొక్కి బిగిసిన దారి ఇంకా మోస్తోంది, దానికి బెత్తెడు పక్కన ఏదీ మోయడం లేదు. పైన మూడొందల మీటర్ల ఎత్తు వాలు, ఎండలో. "అర్థమైంది అన్నా" అంది. తన బృందంలో మిగతావాళ్లకి ఆమే వివరించింది. వెనక్కి తిరిగాం. ఆ రాత్రి ఆకాశం తేటపడింది, మర్నాడు పొద్దున ఏడున్నరకి కనుమ మీద ఉన్నాం. ఆమె బృందానికి ఒక రోజు అదనంగా చేతిలో ఉంది కాబట్టి అది కుదిరింది. ఆ రోజే మాతో పాటు తిరిగొచ్చిన ఇంకో చిన్న బృందానికి ఢిల్లీ నుంచి విమానం టికెట్లు ఉన్నాయి. వాళ్లు కనుమ చూడకుండానే దిగిపోయారు.

ఈ కొండల్లోని గద్దీ కాపరులు వందల గొర్రెలతో ఈ కనుమలు దాటుతారు. మబ్బుగా ఉంటే కనుమ కింద రెండు రోజులు, మూడు రోజులు పొయ్యి రాజేసుకుని కూర్చుంటారు. తేటరాత్రి వచ్చిందంటే చీకటితోనే మందని కదిలిస్తారు, ఎండ ముదిరేసరికి అవతల గడ్డిలో ఉంటారు. ఏ తేదీకి దాటతావని వాళ్లని అడిగితే అర్థం కానట్టు చూస్తారు.

నాకు ఫోన్ చేసేవాళ్లందరికీ చెప్పేదే ఇక్కడా చెబుతున్నాను. బూట్లు, జాకెట్లు, కెమెరాల మీద ఎంత ఖర్చు పెట్టినా పెట్టండి. తిరుగు టికెట్ మాత్రం ట్రెక్ ముగిసే రోజు రాత్రికి తీసుకోకండి. మధ్యలో ఒక పూర్తి రోజు, వీలైతే రెండు, ఖాళీగా ఉంచండి. మీతో వచ్చే నిర్వాహకులని ముందే అడగండి, రాత్రి మంచు బిగియకపోతే ఏం చేస్తారని. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పనివాళ్లతో రావద్దు. పొద్దున మూడింటికి మీ గైడు డేరా బయటి నుంచి "ఈ రోజు వద్దు" అంటే వాదించకుండా మళ్లీ పడుకోండి.